తిథి రాకముందు సముద్రం

నెల్లూరు కంటి డాక్టరు మంచివాడే. మంచివాడు కాబట్టే మా సుప్రీత చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పాడు. కంటి వెనకాల ఒక పొర ఉంటుందట, చూసిందంతా దాని మీదే పడుతుందట. ఆ పొర ఈ పిల్లకు అంచుల నుంచి ఎండిపోతూ వస్తోందట. మందు లేదు, కోత లేదు, అద్దాలు ఎన్ని మార్చినా లాభం లేదు. నడుమ రూపాయి బిళ్ళంత చూపు మిగిలింది, అదీ పోతుంది.

"ఎప్పటికి సార్?" అని అడిగాడు మా రఘురామ్.

"ఈ ఏడాది నిలిస్తే సంతోషించాలి" అన్నాడు డాక్టరు, కాగితాలు సర్దుకుంటూ.

రఘురామ్ నా కొడుకు. ఆదోనిలో ఇల్లు, ఎమ్మిగనూరులో బడిపంతులు ఉద్యోగం. పొద్దున పూట అక్కడి మఠంలో మా గురువులైన రాయల సేవ కూడా వాడిదే. సుప్రీత వాడికి ఒక్కతే కూతురు, నాకు ఒక్కతే మనవరాలు. మొన్ననే ఇంటరు అయింది, నర్సింగులో సీటు వచ్చింది. పిల్లకు సాయంత్రం అయితే చాలు, కాళ్ళకు చెంబులు, పీటలు, గడపలు అన్నీ తగిలేవి. "కండ్లు నెత్తిన పెట్టుకుని నడుస్తావేమే" అని ఇంటిల్లిపాదీ తిట్టాం. ఒకసారి పత్తి మార్కెట్టు దగ్గర లారీ కింద పడబోయింది, అప్పుడు గానీ మాకు అనుమానం రాలేదు. ఆదోని డాక్టరు అద్దాలిచ్చాడు, కర్నూలు డాక్టరు ఆ అద్దాలు మార్చాడు. చివరికి ఇంత దూరం వచ్చాం. మఠంలో నైవేద్యం వంతు మాది కాబట్టి కోడలు ఇంట్లో ఆగిపోయింది, దాని బదులు నేను కారెక్కాను.

కారు యేసేపుది. మా వీధి చివర ఉంటాడు, బాడుగకు తిప్పుతాడు. దారి పొడుగునా వాగే మనిషి, ఆసుపత్రి నుంచి బయటికి వచ్చినప్పుడు మా మొహాలు చూసి నోరెత్తలేదు. ఊరు దాటబోతుంటే సుప్రీతే అడిగింది.

"యేసేపన్నా, సముద్రం ఈడికి ఎంత దూరం?"

"గంట కూడా పట్టదు తల్లీ. ఇట్ల మలుపుకుంటే సరి."

"పోదామా నాన్నా?"

రఘురామ్ వెనక్కి తిరిగి చూశాడు. తెల్లారితే మఠంలో సేవ ఉంది, రాత్రికల్లా ఇల్లు చేరాలి, అదంతా వాడి మొహంలో కనిపించింది నాకు. పిల్ల మళ్ళీ అంది, "ఎప్పుడూ చూళ్ళేదు కదా నాన్నా. ఇప్పుడైతే ఇంకా చూడగలను."

"మలుపు యేసేపూ" అన్నాడు వాడు.

సముద్రం నేనూ చూడలేదు. ఇన్నేళ్ళ బతుకులో నేను చూసిన పెద్ద నీళ్ళు కౌతాళం దగ్గర తుంగభద్ర కాలువే. నా చిన్నప్పుడు దానికి మొదటిసారి నీళ్ళు వదిలితే ఊరు ఊరంతా గట్టు మీదికి పరిగెత్తింది. మా నాయన నన్ను భుజాన ఎక్కించుకున్నాడు, నీటి ముందర ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తుంటే ఆడవాళ్ళు హారతులిచ్చారు. మా ఆయన వెంకోబారావు రామేశ్వరం తీసుకుపోతానని ఏటా అనేవాడు, ఏటా పత్తికి ధర రాలేదనేవాడు, అలా అంటూ అంటూనే పోయాడు. కాబట్టి ఆ రోజు కారులో ఉన్నవాళ్ళలో అంతకుముందు సముద్రం చూసినవాడు యేసేపు ఒక్కడే.

రోడ్డు కొసకు వచ్చేసరికి సముద్రం కాదు, అడవి కనిపించింది. గేటు, గేటు మీద జింక బొమ్మ, తాబేలు బొమ్మ. ప్రభుత్వం కాపాడుతున్న అడవి అట. కారు పోకూడదు, నడవాల్సిందే. ముందు అడవి, తర్వాత ఇసుక దిబ్బలు, ఆ దిబ్బలు దిగితే సముద్రం. గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకుని మెడలో ఈల తగిలించుకున్న కాపలా మనిషి ఉన్నాడు, పేరు గోవిందు. నన్ను కింద నుంచి మీదికి చూశాడు.

"ఏందమ్మా, ఇంత పెద్దదానివి, నడవగలవా?"

"ఏం నాయనా, నన్ను మోసేదానికి నీకేమన్నా జీతం ఇస్తారా?" అన్నాను.

నవ్వాడు. కానీ చెప్పాల్సింది గట్టిగానే చెప్పాడు. నీళ్ళలో మోకాలు దాటి దిగొద్దు. మబ్బు పట్టినా, ఈల వినపడినా వెంటనే వెనక్కి రావాల. వాయుగుండం ఉందంటున్నారు, రేపటి నుంచి ఎన్నాళ్ళో తెలీదు, గేటు మూసేస్తాం. ఇన్ని చెప్పి గొలుసు తీశాడు.

లోపల మొదట అన్నీ జీడిమామిడి చెట్లు. కొమ్మలు నేల మీద పాకుతూ పోయి మళ్ళీ లేచి ఉన్నాయి. దారంతా మెత్తటి ఇసుక. మా నల్లరేగడిలో నడిచిన కాళ్ళకు అది కొత్త, అడుగు వేస్తే వేసిన చోట నిలవదు. రఘురామ్ ముందు, వాడి భుజం మీది కండువా కొస పట్టుకుని సుప్రీత, వెనక నేను, నా వెనక అటుకుల అవలక్కి డబ్బా, నీళ్ళ సీసాలు మోస్తూ యేసేపు. చెట్ల నీడలో వెలుతురు పలచగా ఉంది. పిల్ల కళ్ళకు ఆ వెలుతురే సరిపోయినట్టుంది, ఆసుపత్రి నుంచి వంగిపోయిన తల మొదటిసారి పైకెత్తింది.

"అదో, నెమలి!" అన్నాడు రఘురామ్.

పిల్లకు మనలాగా కళ్ళు తిప్పితే సరిపోదు. ఆ బిళ్ళంత చూపును వెతుక్కుంటూ నెమలి దాకా తీసుకుపోవాలి. తల ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"పోయిందా?"

"పోయింది తల్లీ."

"ఈసారి కనపడితే కొంచెం నిదానంగా పొమ్మని చెప్పు నాన్నా" అంది. యేసేపు పెద్దగా నవ్వాడు. రఘురామ్ నవ్వబోయి మానుకున్నాడు.

కదలనివి మాత్రం చూసింది. దారి పక్కన ఒక తాబేలు, వీపు నిండా ముగ్గు వేసినట్టు పసుపుపచ్చ చుక్కల గీతలు. పిల్ల దాని ముందర బోర్లా పడుకున్నంత పని చేసింది. ముందు తల చూసింది, తర్వాత ఒక్కొక్క చుక్క, తర్వాత కాళ్ళు. మేము ఒక్క చూపులో చూసి వదిలేసేదాన్ని అది చేను కలుపు తీసినట్టు సాలు సాలుగా చూసింది. ఎవరం తొందర పెట్టలేదు.

జీడిమామిడి అయిపోయి సరుగుడు తోపు వచ్చింది. గాలికి ఆ చెట్లు ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు దూరం నుంచి వినపడినట్టు హోరుమంటున్నాయి. "సముద్రమా?" అని ఆగింది సుప్రీత. "కాదు తల్లీ, సెట్లే" అన్నాడు యేసేపు. మరికాస్త పోయాక మళ్ళీ ఆగింది. "ఇదీ చెట్లేనా?" ఈసారి యేసేపు జవాబు చెప్పకుండా నావైపు చూసి తల ఊపాడు. అది చెట్లు కాదు.

అక్కడే, ఆ తోపులోనే, రఘురామ్‌కు గుర్తొచ్చింది. ఉన్నట్టుండి నిలబడిపోయి వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు, ఫోను తీసి పంచాంగం చూశాడు. తిరిగి మా వైపు చూసేసరికి మొహం వెలిగిపోతోంది. పొద్దుటి నుంచి ఆ మొహం అలా చూడలేదు నేను.

"అమ్మా, ఈ రోజు చతుర్దశి. సాయంత్రం అమావాస్య వస్తాండాది. కార్తీకం అమావాస్య! మనం అనుకుని వచ్చినామా? లేదే! రాయరే పిలిపించినారమ్మా."

మా ఇళ్ళలో సముద్రాన్ని ఎప్పుడు పడితే అప్పుడు తాకరు. పున్నమికో, అమావాస్యకో, గ్రహణానికో ముట్టుకోవాలి. మిగతా రోజుల్లో ఒడ్డున నిలబడి దండం పెట్టుకుని రావాల్సిందే. శనివారం తప్ప రావిచెట్టును తాకనట్టు ఇదీ ఒక కట్టడి. పర్వం నాడు సంకల్పం చెప్పుకుని మునిగితే ఆ మునిగినవాళ్ళ మొర వినపడుతుందని మావాళ్ళ నమ్మకం. డాక్టరు దగ్గర మూసుకున్న తలుపు రఘురామ్‌కు ఈడ తెరుచుకుంది.

"మా పాస్టరయితే యే రోజైనా ముంచుతాడు సామీ, నీళ్ళుంటే సాలు" అన్నాడు యేసేపు. "మీ సముద్రానికి ఆపీసు టైములున్నట్టుందే."

"నీకు తెలీదులే యేసేపూ" అన్నాడు రఘురామ్, కోపం లేకుండానే. ఆ వేళ వాడికి ఎవరి మీదా కోపం వచ్చేట్టు లేదు. తిథి వచ్చే వేళకు మోగేట్టు ఫోనులో గంట పెట్టుకున్నాడు.

"నాకు మునగడం వద్దు నాన్నా. చూస్తే చాలు" అంది సుప్రీత.

"చూద్దువు, మునుగుదువు. రెండూ."

తోపు దాటగానే ఎండ. ఎండ అంటే మా ఊరి ఎండలాంటిది కాదు, ఇసుక మీద పడి కింద నుంచి కూడా కొడుతోంది. దిబ్బలు గుడిసెల కంటే ఎత్తుగా ఉన్నాయి. ముళ్ళబంతుల్లాంటి గడ్డి గుత్తులు గాలికి దొర్లిపోతున్నాయి. వాటిని రావణాసురుడి మీసాలంటారట, కాలికి గుచ్చుకున్నాక యేసేపు చెప్పాడు. నేను ఒక అడుగు ఎక్కితే అర అడుగు జారుతున్నాను.

"నా భుజం పట్టుకో అవ్వా. మడి పోతాదేమో సూసుకో మల్ల."

"పోతే పోనీలేరా. నేనే పోయేట్టుంటే మడి ఎవరికి?" అని వాడి భుజం పట్టుకున్నాను.

ఈ మాటలన్నిటికీ సుప్రీత నవ్వలేదు. అప్పుడు గమనించాను. పిల్ల కళ్ళు చికిలించుకుని, నీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ, తండ్రి కండువాను రెండు చేతులతో పట్టుకుని ఎక్కుతోంది. దిబ్బ కొసకు చేరాం. ఎదురుగా సముద్రం.

నేను చేతులెత్తి దండం పెట్టాను. వానలకు ఏర్లన్నీ కలిసి బురద తెచ్చినట్టుంది, నీళ్ళు మట్టి రంగులో ఉన్నాయి, అయినా ఆ కొస లేనితనం, ఆ కదలిక!

"యాడ నాన్నా?" అంది సుప్రీత.

"ఎదురుగానే తల్లీ. అదో."

"ఎదురుగా అంతా తెల్లగా ఉండాది. సున్నం కొట్టిన గోడ మాదిరి."

రఘురామ్ పిల్ల గడ్డం పట్టుకుని మొహం తిప్పాడు. కండువా విప్పి తల మీద గొడుగులా పట్టాడు. నేను నా కొంగు అడ్డం పెట్టాను. రెండు చేతులు గొట్టంలా చుట్టుకుని చూసింది. వెనక్కి తిరిగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ ముందుకు తిరిగి తెరిచింది. ఏం చేసినా తెలుపే. ఎండ ఎక్కువైతే అంతేనని డాక్టరు చెప్పనే చెప్పాడు, మేమే మరిచిపోయాం.

"పొద్దు వాలనీ తల్లీ, ఎండ తగ్గితే కనపడుతుంది" అన్నాడు రఘురామ్.

"నీళ్ళ దాకా పోదాం నాన్నా. కాళ్ళన్నా పెడ్తా. ఇంత దగ్గర వినపడ్తాండాది."

"ఉండు తల్లీ. ఇంకా చతుర్దశే. అమావాస్య రానీ."

"ఇప్పుడు ముట్టుకుంటే ఏమైతుంది?"

వాడు కూతురి ముందర ఇసుకలో కూర్చున్నాడు. "ఏమీ కాకపోవచ్చు. కానీ మనం అడగబోయేది చిన్నదా చెప్పు? అంత పెద్దది అడిగేటప్పుడు తప్పు చేసి పోయి అడిగితే ఎట్లమ్మా? కాసేపే. ఎండా తగ్గుతుంది, తిథీ వస్తుంది. అప్పుడు చూద్దువు, అప్పుడే దిగుదువు."

నీళ్ళు దిబ్బ దిగితే అందేంత దూరంలో ఉన్నాయి. కింద ఎవరో పిల్లలు మోకాళ్ళ దాకా దిగి కేకలు పెడుతున్నారు. మేము మొగలి పొదల పక్కన తాటాకుల పందిరి కింద కూర్చున్నాం.

పొద్దున పెరుగు, పులుసుపొడి కలిపిన అవలక్కి డబ్బాలో అలాగే ఉంది. ఆకుల్లో పెట్టిచ్చాను. రఘురామ్ స్నానం అయ్యాకే అన్నాడు. యేసేపు తిన్నాడు. సుప్రీత రెండు ముద్దలు తిని ఆకు పక్కన పెట్టింది.

"నువ్వు చెప్పు అవ్వా, ఎట్లుండాది?"

"ఎట్ల చెప్పేది నాయనా! చేను దున్నినాక సాళ్ళు లేస్తాయి కదా, అట్ల సాళ్ళు సాళ్ళుగా వస్తాండాది. ఒడ్డుకు వచ్చినాక పత్తికాయ పగిలినట్లు తెల్లగా విచ్చుకుంటాండాది. ఆ తెలుపును ఇసుక పీల్చుకుంటుంది, మళ్ళీ ఇంకొకటి."

"కొస?"

"లేదు. ఆకాశం ఉండే కాడికి ఉండాది."

కాసేపు విన్నది. తర్వాత నెమ్మదిగా, తండ్రికి వినపడకుండా అడిగింది. "నేను కూడా తుంగమ్మత్త మాదిరి వత్తులు చెయ్యాల్నా అవ్వా?"

తుంగమ్మ మా మేనత్త. పెళ్ళైన కొత్తలోనే ఆమెకు చూపు పోయింది, పుట్టింటికి తెచ్చి వదిలిపోయారు. నాకు తెలిసినప్పటి నుంచి మా కౌతాళం ఇంట్లో వంటింటి మూల ఆమెది. ఒడిలో దూది, తొడ మీద వత్తి. గుడిలో దీపాలన్నిటికీ ఆమె వత్తులే. ఆమె మంచిదని, కడుపు నిండా తిండి పెడితే చాలని అందరూ మెచ్చుకునేవారు. పొద్దున లేస్తే మూల, రాత్రి పడుకుంటే మూల. ఆమె పోయాక ఆ గోడ మీద తల ఆనిన చోట నూనె మరక మిగిలింది, ఎన్నిసార్లు సున్నం వేసినా పైకి వచ్చేది. ఈ సంగతంతా పిల్లకు నేనే కథలాగా ఎన్నిసార్లో చెప్పి ఉన్నాను.

"ఛీ, అవేం మాటలే! ఈ కాలంలో కండ్లు లేనోళ్ళు ఆపీసర్లవుతాండారు" అన్నాను.

"అవుతారులే అవ్వా. ఎవరో ఒకరు అవుతారు." కాళ్ళు దగ్గరికి లాక్కుని మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుంది. "నర్సింగు వాళ్ళకు ఏమని చెప్తాడు నాన్న? నాకు సూది యాడ గుచ్చాలో తెలీదని చెప్తాడా?"

ఇంత వాగే నోరు నాది, చావుల్లో పెళ్ళిళ్ళలో ఎవరికి ఏ మాట చెప్పాలో నన్నే అడుగుతారు, ఆ పిల్లతో మాత్రం తిండి మాటే అన్నాను. ఇంకో ముద్ద తినమన్నాను. వద్దంది.

గాలి మారింది. ముందు యేసేపు చూశాడు, సముద్రం అవతల నుంచి మబ్బు లేస్తోంది. లేచినట్టే లేచి నెత్తి మీదుగా పోయి పడమటి పొద్దుకు అడ్డం వచ్చింది. ఇసుక మీది తళతళ ఒక్కసారిగా ఆరిపోయింది. ఆరిందంటే చీకటి కాదు, సరుగుడు తోపులో ఉండిందే, అట్లాంటి పలచటి వెలుతురు అన్ని వైపులా పరుచుకుంది.

సుప్రీత లేచి నిలబడింది.

"అవ్వా, ఒక గీత కనపడ్తాండాది."

నేనూ లేచాను. "యాడ?"

"అడ్డంగా. గీత. దాని కింద ఏదో కదుల్తాండాది... ఉండవ్వా, నన్ను తాకొద్దు. ఉండు."

మెడ ముందుకు చాచి, ఊపిరి కూడా గట్టిగా తీయకుండా, ఆ గీతను పట్టుకోవడానికి చూస్తోంది. అప్పుడే ఈల మోగింది. గోవిందు వెనక దిబ్బ మీద నుంచి చేతులు ఊపుతూ దిగుతున్నాడు. "పైకి రండి! అందరూ పైకి రండి! గాలివాన వస్తా ఉంది!" కింద పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తుకొస్తున్నారు.

రఘురామ్ ఎదురెళ్ళాడు. "అరగంట ఉండనీయప్పా, మాకు స్నానం ఉండాది."

"అరగంటా! పోయిన నెల ఇద్దరు పోయినారు సార్ ఇక్కడ. మా ఉద్యోగాలు పోతాయి. నడవండి."

"నీకు దండం పెడ్తా. పాపకు కండ్లు పోతాండాయి, ఈ రోజే డాక్టరు చెప్పినాడు..."

"అందరూ ఏదో ఒకటి చెప్తారు సార్."

ఆ మాటకు వాడికి ఏమైందో. ఒక్క అంగలో పందిరి దగ్గరికి వచ్చి సుప్రీత చెయ్యి పట్టుకుని గుంజుకుపోయాడు. సముద్రం వైపు ఉన్న పిల్లను గిరుక్కున తిప్పి గోవిందు ముందర నిలబెట్టాడు. "చూడప్పా! నేను అబద్ధం చెప్తాండానా? ఈ కండ్లు చూడు, చూడు!" అంటూ రెండు వేళ్ళతో పిల్ల కనురెప్పలు పైకెత్తి పట్టుకున్నాడు.

"రఘూ! పిల్లను వదులు! ఇటు తిప్పరా దాన్ని, ఇటు తిప్పు, కనపడ్తాండాది దానికి!" అని నేను అరిచాను. గాలి నా మాటను నోట్లోంచే ఎత్తుకుపోయింది. యేసేపు పరుగెత్తాడు. సుప్రీత విదిలించుకోలేదు. తండ్రి చేతుల్లో అలాగే నిలబడి ఉంది, సముద్రం వీపు వెనకాల, రెప్పలు ఎవరో పట్టుకుంటే తెరుచుకున్న కళ్ళతో గోవిందు ఖాకీ చొక్కా చూస్తూ.

గోవిందు తల దించుకున్నాడు. వాడికీ పిల్లలున్నారేమో. "సరే సార్, సరే. వదలండి పాపని. ఒక్క ఐదు నిమిషాలు, కాళ్ళు కడుక్కుని వచ్చేయండి. తొందరగా."

ఇంక ఏం కావాలి? పిల్లను తీసుకుని దిగాలి. రఘురామ్ ఫోను తీసి చూశాడు. "ఇంకా రాలేదే" అన్నాడు. "ఐదు నిమిషాల్లో రాదే తిథి. ఇంకొంచెం అప్పా, ఇంకొంచెం..."

"రేయ్, పోనీరా, ముట్టనీ" అన్నాను.

"ఇప్పుడు ముడితే అడగలేనమ్మా!" అని వాడు నా మీద అరిచాడు. అరిచి, కూతుర్ని చూసి, సముద్రాన్ని చూసి, మళ్ళీ ఫోను చూశాడు. నా కొడుకు ఏడుపు మొహం నేను చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను, అట్లాంటిది ఎప్పుడూ చూడలేదు. ఫోను జేబులో పెట్టుకుని, "పో తల్లీ, పోదాం రా" అని చెయ్యి చాచేసరికి పైన మబ్బు నల్లబడిపోయింది. వాన చినుకులు ఇసుకను గుచ్చుతున్నాయి. అల ఒకటి దిబ్బ అడుగు దాకా వచ్చి మోది పోయింది. గోవిందు అడ్డం వచ్చేశాడు. "ఇంక లేదు సార్. ఇంక లేదు. నడవండి."

సుప్రీత సముద్రం వైపు తిరిగి ఉంది. ఆ మసకలో ఆ కళ్ళు దేన్నీ పట్టుకోవడం లేదు, ఊరికే తెరుచుకుని ఉన్నాయి.

"చీకటైంది నాన్నా. పోదాం" అంది.

అడవిలో తిరిగి నడిచింది ఎవరికి గుర్తున్నా లేకున్నా నాకు ఉంటుంది. సరుగుడు తోపులో సాయంత్రమే రాత్రైంది. గోవిందు లైటు పట్టుకుని ముందు నడిచాడు. పిల్ల రెండు చేతులు తండ్రి భుజాల మీద వేసి, వాడు అడుగు వేస్తే తాను వేస్తూ వచ్చింది. వేరు తగిలి రెండుసార్లు పడింది. రెండుసార్లూ "ఏం కాలేదు" అంది. యేసేపు నన్ను దాదాపు మోసుకొచ్చాడు.

జీడిమామిడి చెట్ల నడుమ ఉండగా రఘురామ్ జేబులో గంట మోగింది. అమావాస్య వచ్చింది. వాడు నిలబడ్డాడు, వాడి వెనక అందరం నిలబడ్డాం. గంట మోగుతూనే ఉంది. తడి చేతులకు ఫోను జారుతోంది, ఆపడం చేతకావడం లేదు. సుప్రీతే తడుముకుని ఫోను తీసుకుని, మొహానికి ఆనించుకుని చూసి ఆపింది.

అప్పుడు అడిగాడు వాడు. అడగకుండా ఉండాల్సింది. "మబ్బు కమ్మినప్పుడు... కొంచెమన్నా చూసినావా తల్లీ?"

వాన చప్పుడు. పిల్ల ఫోను తండ్రి జేబులో తిరిగి పెట్టింది.

"చూసినా నాన్నా. బాగా చూసినా. ఎంత నీలంగా ఉండాదో!"

ఆ రోజు సముద్రం ఏ రంగులో ఉండిందో మేమందరం చూశాం. గోవిందు లైటు కిందికి దించాడు. యేసేపు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. రఘురామ్ చీకట్లో తల ఊపాడు, పిల్లకు అది కనపడదని తట్టింది కాబోలు, "అవును తల్లీ, నీలమే" అన్నాడు. మళ్ళీ నడిచాం.

తెల్లవారుజామున ఎమ్మిగనూరు దాటుతుంటే వాడు మఠం దగ్గర దిగిపోయాడు, తడి పంచెతోనే. సేవ వంతు వాడిది.

నర్సింగు సీటు వదులుకున్నాం. ఇప్పుడు పగలు కూడా సుప్రీత గోడ పట్టుకుని నడుస్తుంది. ఆ బిళ్ళ ఇంకా చిన్నదైందని చెప్పదు. అన్నం పళ్ళెంలో కూర ఎక్కడుందో వేలితో చూసుకోవడం నేను చూశాను. వాళ్ళమ్మ చూడనట్టు నటిస్తుంది, మేమందరం అందులో ఆరితేరిపోయాం.

మొన్న రఘురామ్ బడి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా దాని మంచం దగ్గర కూర్చున్నాడు. "వచ్చే పున్నమికి రెండు రోజులు సెలవు పెట్టినా తల్లీ. యేసేపుతో మాట్లాడినా. ఈసారి రాత్రే పోయి ఆడనే ఉందాం. తెల్లారేటప్పుడు వెలుతురు మెత్తగా ఉంటుంది. తిథి గిథి ఏమీ చూడను. నువ్వు ఎప్పుడంటే అప్పుడే దిగుదువు."

నేను వంటింటి గడప దగ్గర వేరుశనగకాయలు ఒలుస్తున్నాను. చేతులు ఆగిపోయాయి. ఊ అనవే, ఊ అని ఒక్కసారి అనవే అని లోపల్లోపల అనుకుంటున్నాను.

"మళ్ళీ ఎందుకు నాన్నా" అంది సుప్రీత. "ఆ పొద్దే చూసినా కదా."

వాడు నోరు తెరిచాడు. చూడలేదని వాడికి తెలుసు, వాడికి తెలుసని దానికీ తెలుసు. ఆ మాట అనాలంటే ఆ రోజు పిల్లను ఎవరు ఎటు తిప్పారో కూడా అనాలి. కాసేపు దాని పాదం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. తర్వాత లేచి, సెలవు కాగితం వెనక్కి తీసుకోవాలని హెడ్మాస్టరుకు ఫోను చేయడానికి బయటికి వెళ్ళాడు.